ఏసన్న మిద్దె మీది కరెంటు

ఆదోని పత్తి జిన్నింగు మిల్లులోకి కాకి ఎగిరిపోతే కొంగై బయటికొస్తుంది. నేను కళ్ళారా చూశాను. ఎమ్మిగనూరులో మోటార్లు చుట్టే షాపు పెట్టుకుని పదిహేనేళ్ళుగా ఎవరూ నమ్మని సంగతులు చెబుతున్నాను, ఇది కూడా అందులో కలుపుకోండి. ఏసన్న మామ మాత్రం ఈ కాకి కథను కొట్టిపారేసేవాడు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మిల్లులో పనిచేసినవాడు.

"కాకి యవ్వారం నాకు తెల్దు గానీ అల్లుడా, నేను మాత్రం నల్లగా లోపలికి పోయి తెల్లగా బయటికొచ్చేటోన్ని. సాయంత్రం బస్సులో సంటిపిల్లోళ్ళు సూసి జడుసుకునేటోళ్ళు," అనేవాడు.

అని నవ్వేవాడు. ఆ నవ్వు సగం దారిలో దగ్గయ్యేది. ఆ దగ్గు ఆగేసరికి ఎందుకు నవ్వామో అందరం మరిచిపోయేవాళ్ళం.

ఆయనదీ నాదీ ఒకటే ఊరు, పెద్దకడుబూరు మండలంలో. వరసకు మామ. ఆయన కొడుకు సుధాకర్, నేను ఒకే రోజు బడి మానేశాం, తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతూ. మేం పోయామన్న సంతోషంలో లెక్కల సారు బడంతా మిఠాయి పంచాడని అప్పట్లో ఊరంతా చెప్పుకొచ్చాను. పంచలేదు. పంచినా తప్పులేదు. నేను రాగితీగ చుట్టడం నేర్చుకున్నాను, సుధాకర్ కరెంటు కంబాలెక్కడం నేర్చుకున్నాడు.

పత్తి కాలం వచ్చిందంటే మామ తెల్లవారి మొదటి బస్సుకు ఆదోని పోయేవాడు. గింజతో ఉన్న పత్తిని చేతులతో విదిలించి విదిలించి గింజ వేరుచేసే జిన్ను మిషను నోటికి అందించడం ఆయన పని. విదిలిస్తే దుమ్ము లేస్తుంది. విదిలించకపోతే మిషను నోరు పట్టుకుపోతుంది. ముక్కుకు తువాలు కట్టుకునేవాడు. మధ్యాహ్నం మిల్లులో తలా ఒక బెల్లం ముక్క పెట్టేవారు. బెల్లం తింటే దుమ్ము గొంతులోంచి కిందికి దిగిపోతుందని అక్కడ పనిచేసే అందరి నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్ళు తిన్నాడు. ఆఖరికి ఆదోని పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్సురే వెలుతురుకు పెట్టి చూసి, "బెల్లంతో దిగేది గొంతులోది తాతా, ఊపిరితిత్తుల్లోది దిగదు," అన్నాడు.

మామ ఇంటికొచ్చి ఆ రోజు కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "డాక్టరు తినొద్దనైతే అన్లేదు గదా," అన్నాడు మద్దమ్మత్తతో.

మద్దమ్మత్త ఆయన భార్య. వేరుశనక్కాయలు కొట్టే పనికి పోయి చేతివేళ్ళ కొసలు అరిగిపోయిన మనిషి. వేలిముద్ర పడక రేషను దగ్గర ప్రతి నెలా రెండుసార్లు వెనక్కి పంపేవారు. ఎవరి మీదా కోపం చూపించేది కాదు. మాట మాత్రం సూదిలా ఉండేది.

నడిస్తే ఆయాసం, కూర్చుంటే ఆయాసం వచ్చేసరికి, కరోనా కాలంలో ఆదోని చర్చివాళ్ళు ఎవరెవరికో తెప్పించిన ఆక్సిజన్ మిషన్లలో ఒకటి మామ మంచం దగ్గరికి చేరింది. చిన్న పెట్టెంత ఉంటుంది. గాలి పీల్చుకుని, అందులోంచి మంచి గాలి వేరుచేసి గొట్టంలో పంపిస్తుంది. గొట్టం కొస ముక్కుకు. రాత్రీ పగలూ గుర్రు గుర్రుమని ఒకటే చప్పుడు.

"మామా, ఈ వయసులో రెండో పెండ్లామా?" అన్నాను మొదటిసారి చూసి.

"మొదటిది మాట్లాడతాది, ఇది గురక పెడ్తాది. అంతే తేడా," అన్నాడు మామ.

"నలభై ఏండ్లు ఈయప్ప గురక ఇన్యా. ఇప్పుడు ఈయప్ప గమ్మునుంటే దీని గురక ఇనాల. ఇది ఆగితేనే నాకు బయం," అంది అత్త.

అదీ అసలు సంగతి. అది ఆగితే ఆయన ఆగుతాడు. మొదట కాస్త తట్టుకునేవాడు. పోయిన ఏడాదికి గంటసేపు ఆగినా గోళ్ళు నీలంగా తిరిగేవి. అందుకని కరెంటు పోయినప్పటికి ఆదోని నుంచి ఒక ఆక్సిజన్ సిలిండరు బాడుగకు తెచ్చి మూలన నిలబెట్టారు. నల్లగా, నా రొమ్ముకంత ఎత్తు. ఒక పగలంతా వస్తుంది. అత్త దాన్ని రోజూ గుడ్డతో తుడిచేది, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు.

మిషను రాత్రీపగలూ తిరుగుతుంది కాబట్టి బిల్లు ఆ ఇంటికి మించి వచ్చేది. సరిగ్గా అప్పుడే ఊరి సచివాలయంలో మీటింగు పెట్టారు. మీ మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకోండి, మీ కరెంటు మీరే తయారు చేసుకోండి, వాడుకోగా మిగిలింది లైనుకు పంపండి, పంపినంత బిల్లులో కోసేస్తాం, పలకలకు సర్కారే సాయం చేస్తుంది అన్నారు. మా వైపు ఎండ గురించి మీకు కొత్తగా చెప్పాలా? మే నెలలో మిద్దె మీద అప్పడం పెట్టి దిగొచ్చేలోపు వేగిపోతుంది. తొండలు నీడ బాడుగకు తీసుకుంటాయి. ఇంత ఎండను ఇన్నేళ్ళు ఊరికే పారబోశాం కదా అనిపించింది నాకు.

మీటింగు నుంచి నేరుగా మామ ఇంటికి పోయాను.

"మామా, బోరు సొంతంగా ఏసుకున్నోడు కొళాయి కోసం కాసుక్కూసుంటాడా? ఇది గూడా అంతే. మన కరెంటు మనింట్లోనే. ఊరికంతా లైను పోయినా నీ ఇంట్లో ఫ్యాను తిరుగుతాంటాది. ఊరోళ్ళు సెల్లుకు చార్జింగ్ పెట్టుకోనీకి మీ ఇంటి ముందర లైను కడ్తారు, సూడు."

"నీకెట్ల తెల్సురా?"

"నాకు తెల్దా! పొలాల్లో సోలార్ మోటార్లు ఎన్ని సుట్టినా నేను. ఆటికి లైనుతో పనే ల్యా. ఎండొస్తే తిరుగుతాయి, మబ్బొస్తే ఆగుతాయి. ఆ పలకలే ఇవి, ఆ సూర్యుడే ఈయప్ప."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మా మండలంలో సోలార్ మోటార్లు పెట్టుకున్న పొలాలు ఎన్నో ఉన్నాయి. కరెంటు తీగ ఆ పొలం దరిదాపుల్లో ఉండదు. ఎండకే నీళ్ళు పోస్తాయి. వాటిని చూసినవాడెవడైనా ఇంటి మీద పలకలు కూడా అట్లాగే ఉంటాయనుకుంటాడు. నేను ఎవడో ఒకణ్ణి కాదు కాబట్టి, అనుకోవడంతో ఆగకుండా హామీ ఇచ్చాను.

దరఖాస్తు పెట్టాం. ట్రాన్స్‌ఫార్మరు మీద ఇంకెంతమందికి చోటుందో చూసి చెబుతామన్నారు. రెండు నెలలకు చెప్పారు. పలకలు బిగించే కంపెనీ కుర్రాళ్ళు వచ్చి నాలుగు పలకలు మిద్దె మీద బిగించి, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఒక తెల్ల డబ్బా గోడకు తగిలించి, ఇంటి యజమాని పలకల పక్కన నిలబడిన ఫోటో కావాలన్నారు. ఫోటో లేకపోతే సాయం రాదట. మామ ముక్కు గొట్టం మెట్ల మీద నాలుగో మెట్టు దాకే అందింది. అక్కడ నిలబడి, "ఈడికే తియ్యండప్పా," అన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. మామ గొట్టం తీసి మెడకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి పైకెక్కాడు. మొదటి ఫోటోలో కళ్ళు మూసుకున్నాడని రెండోది, రెండోదానిలో తల తెగిందని మూడోది తీశారు. నేను కింద నిలబడి, "పెండ్లి ఫోటో తీపిచ్చుకుంటాండావా మామా, దిగు!" అని అరిచాను. దిగేటప్పుడు ఆయన పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫోటో. నవ్వుతున్నట్టే ఉంటాడు.

ఏప్రిల్లో రెండు వైపులా లెక్కపెట్టే మీటరు పెట్టారు. ఆ నెల బిల్లు పాల పాకెట్టు ధరంత వచ్చింది. నేను ఆ కాగితాన్ని ఎమ్మిగనూరులో మూడు టీ అంగళ్ళలో చూపించాను. నా షాపు గోడకు ఒక నకలు అంటించాను కూడా.

ఆ ఊపులోనే సిలిండరు తిరిగి ఇచ్చేద్దామన్నాను.

"ఉండనీరా, మూలకుంటే అదేమన్నా బువ్వ అడుగుతాదా?" అంది అత్త.

"అత్తా, బోరేసుకున్యాక గూడా బిందె పట్టుకోని కొళాయి కాడికి పోతావా? ఊరికే బాడుగ. ఈడ దండగ్గా నిలబడింది, ఆడ ఎవరికన్నా పనికొస్తాది."

"రాత్రిపూట పోతే?"

"రాత్రి లైనుంటాది. పగులు లైను పోతే ఎండుంటాది. రెండూ ఒకేసారి పోవాలంటే లోకమే పోవాల. లోకం పోయినాక మామ ఒక్కడే ఉండి ఏం జేస్తాడు?"

మామ నవ్వాడు. దగ్గాడు. "తీస్కపోనీలే మద్దీ. వాని మాట గూడా ఒకతూరి ఇందాం," అన్నాడు.

సిలిండరును బండి వెనక తాడుతో కట్టుకుని ఆదోనికి నేనే తీసుకుపోయి ఇచ్చాను. దారిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఏసన్న ఇల్లు ఇక లైనుతో తెగతెంపులు చేసుకుందని చెప్పాను.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం అత్త ఫోను చేసింది. మిషను కీమని కూతపెట్టి ఆగిపోయిందంది. నేను బండి మీద పోయేసరికి ఊరంతా కరెంటు లేదు. మిద్దె మీద పలకలు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. గోడ మీది డబ్బాలో ఎర్ర లైటు. నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం నాకు రాదు. స్క్రూలు విప్పాను, మళ్ళీ బిగించాను. ఆలోపు లైను వచ్చింది, డబ్బాలో పచ్చ లైటు వెలిగింది, మిషను గురక మొదలైంది.

"ఫ్యూజు లూజుండె. సూస్తివా, చెయ్యి పెడితే సాలు," అన్నాను.

మామ నా వైపే చూస్తున్నాడు, చెమటతో, నోరు తెరిచి. నమ్మాడో లేదో తెలియదు.

అట్లా అయిదు రోజులు గడిచాయి. కంపెనీ కుర్రాళ్ళకు ఫోను చేసి అడగొచ్చు. అడిగితే నాకు తెలియదని వాళ్ళకు తెలుస్తుంది. అందుకని అడగలేదు. అయిదో రోజు మళ్ళీ అట్లాగే ఆగింది. ఈసారి అత్త నాకు చెయ్యలేదు, ఇశ్రాయేలుకు చేసింది.

ఇశ్రాయేలు మా ఊరి లైన్‌మన్. ముందు సుధాకర్‌తో కలిసి కాంట్రాక్టు పనిలో ఒకే నిచ్చెన మోసినవాడు. సుధాకర్ పోయి అప్పటికి ఆరేళ్ళయింది. ఎమ్మిగనూరు రోడ్డులో లైను ఆపి వాడు కంబమెక్కాడు. దగ్గర్లో ఒక మిల్లువాళ్ళు కరెంటు పోయిందని జనరేటరు వేసుకున్నారు. వేసేముందు మెయిన్ స్విచ్చి దించాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి తీగలోకి తన్నుతుంది. దించామని చెప్పారు. దించలేదు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడినవాడు ఇశ్రాయేలు.

లైను తిరిగొచ్చాక ఆ ఇశ్రాయేలు వచ్చి డబ్బా చూశాడు. సంగతి తెలిసి నేనూ అప్పుడే పోయాను.

"ఫ్యూజుగీజు ఏం ల్యా దేవరాజన్నా. ఇది పొలంలో మోటారు అసుమంటిది గాదు. దానికి లైనుతో సుట్టరికం ల్యా. ఈ ఇంటి పలకలకు లైనుంటేనే పానం. లైను ఆగితే ఇవి గూడా ఆగాల. అట్లనే చేసినారు దీన్ని. ఆగకుంటే ఈడి కరెంటు తీగలోకి పోయి..."

ఆగిపోయాడు. మంచం వైపు చూశాడు.

"ఆగకుంటే కంబం మింద ఉన్నోడు సస్తాడు. అంతే గదప్పా?" అన్నాడు మామ.

"అంతే పెద్దనాయనా."

"మంచిదే పెట్టినారు. మనుసులు దించినామంటారు, దించరు. డబ్బా అయితే దానంతట అదే దించుకుంటాది." కాసేపు గొట్టంలోంచి గాలి పీల్చుకున్నాడు. "ఆరేండ్ల ముందు ఆ మిల్లోనికి గూడా ఇట్లాంటి డబ్బా ఉండింటే."

అత్త లోపలికి పోయింది. నేను గోడకు బల్లిలా అంటుకుపోయాను.

బ్యాటరీ ఉండే రకం పెట్టుకుంటే లైను పోయినా ఇంట్లో నడుస్తుందన్నాడు ఇశ్రాయేలు. దానికి వేరే డబ్బా, వేరే దరఖాస్తు, సర్కారు సాయం ఈ ఇంటికి ఒకసారి అయిపోయింది. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేనన్నాడు. అక్కడే నిలబడి ఆదోని షాపుకు ఫోను చేశాను, సిలిండరు మళ్ళీ కావాలని. అన్నీ బయటికి పోయాయి, వచ్చే బుధవారం ఒకటి తిరిగొస్తుంది, నీకే పెడతానన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. నాలుగు రోజుల ముందు అడిగుంటే మూడు ఉన్నాయట.

ఆ మాట నేను మామకు చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం గాలివాన వచ్చింది. గాలి ఎక్కువ, వాన తక్కువ. రేకులు లేచిపోయాయి, ఆదోని రోడ్డులో వేపచెట్టు అడ్డంగా పడింది. వింతగా కరెంటు మాత్రం పోలేదు. మిషను గురక రాత్రంతా వినబడుతూనే ఉందని అత్త చెప్పింది. బుధవారం పొద్దున నేను మామను చూసి ఆదోనికి బయల్దేరబోతుంటే, ఎనిమిదిన్నరకు లైను పోయింది. రాత్రి ఒరిగిన కంబాలు రెండు ఇప్పుడు పూర్తిగా పడిపోయాయి, వాగు దగ్గర తీగ తెగి దున్నిన చేలో పడింది. మబ్బనేది లేదు. కడిగినట్టున్న ఆకాశం. మిద్దె మీద పలకలు ఎంత తయారు చెయ్యగలవో అంతా చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి. డబ్బాలో ఎర్ర లైటు.

ఇశ్రాయేలుకు ఫోను చేశాను. "వాగు కాడనే ఉండాను అన్నా. కొత్త కంబాలు నిలబెట్టాల. పన్నెండు గావొచ్చు. పెద్దనాయనకు సిలిండరు ఉంది గదా?"

"తెస్తాండాను," అన్నాను.

నూట ఎనిమిదికి చేశాం. బండి ఇంకో ఊళ్ళో ఉంది, చెట్టు తీస్తే గాని రాలేదన్నారు. ఆటో తెప్పించాను. మామను లేపి నాలుగడుగులు వేయించేసరికి కాళ్ళు మడతపడ్డాయి. మళ్ళీ మంచం మీదికే చేర్చాం. అత్త విసనకర్రతో విసురుతోంది. గాలికి కరువు లేదక్కడ. తలుపులోంచి వేడిగాలి బుస్సుమని కొడుతూనే ఉంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, చర్చి వీధిలో టెంటుహౌసు వాళ్ళ దగ్గర జనరేటరు ఉంది. నా జీవితంలో నాకు సరిగ్గా వచ్చిన ఆలోచన అదొక్కటే. దానికి ప్లగ్గు పెట్టే చోటు లేదు, ఉత్త తీగలే; మెయిన్ దించేసి, ఆ తీగలు ఇంటి బోర్డుకు ఇస్తే మిషను తిరుగుతుంది. ఎవరికీ ఏమీ కాదు. మోటార్ల పనిలో ఇది రోజూ చేసేదే.

"మామా, పావుగంట. టెంటుహౌసు జనరేటరు తెచ్చి బోర్డుకిస్తా."

ఆయన కళ్ళు తెరిచాడు. "ఇశ్రాయేలు... యాడుండాడు?"

"వాగు కాడ. కంబం పని."

"వద్దు."

"మెయిన్ దించుతా మామా. దించినాకనే ఇస్తా."

మాటకూ మాటకూ మధ్య ఆయన చాలాసేపు ఆగాల్సి వచ్చింది. "సుధాకర్ దినం గూడా... దించినామనే సెప్పినారు."

"నా పిల్లోళ్ళ మింద ఒట్టు మామా! నేనే నా చేత్తో దించుతా. నువ్వే సూడు!"

"లైను పోయినా... తిరుగుతాదంటివే."

నింద వేసినట్టు అనలేదు. నన్ను దెప్పడానికి ఆయన దగ్గర ఊపిరి లేదు. గుర్తు చేశాడంతే. ఒక పక్కకు ఒత్తిగిలి, మంచం పట్టె పట్టుకుని గోడవైపు జరిగాడు, స్విచ్ బోర్డు కిందికి. "మద్దీ, వాన్ని... బోర్డు కాడికి రానీకు," అన్నాడు.

అత్త విసనకర్ర కింద పెట్టి లేచింది. బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె ముఖం నేను చూడలేకపోయాను. ఒక కొడుకును కంబం మీంచి దింపుకున్న తల్లి ఆమె. ఆమె వేళ్ళు వెనక గోడను పట్టుకున్నాయి.

"అత్తా, నువ్వన్నా చెప్పు. నిజంగా దించుతా," అన్నాను.

"నువ్వెప్పుడు నిజం సెప్తాండావో మాకెట్ల తెలియాలప్పా?" అంది. "పో. పొయ్యి సిలిండరు తే."

ఆమెను పక్కకు నెట్టి ఉండొచ్చు. నెట్టలేదు. బండి తీశాను.

చెట్టు పడిన చోట చేలోకి దిగి, దున్నిన మడకసాళ్ళలో బండి ఎగరేసుకుంటూ పోయాను. మామూలుగా అయితే ఆ ప్రయాణం గురించి నేను గంట చెప్పగలను. చెప్పడానికేమీ లేదు. షాపు పదింటికి తెరిచారు, సిలిండరు పదకొండుకు వచ్చింది. తాడుతో కట్టుకుని అదే చేలోంచి తిరిగి వచ్చాను. ఊరి పొలిమేరలో, వాగు పక్కన కొత్త కంబం మీద ఇశ్రాయేలు కనిపించాడు. నడుముకు తాడు, తలకు ఎర్ర తువాలు. నా బండి వెనక సిలిండరు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. కాసేపటికి దిగాడు. నేను వీధి మలుపు తిరిగేసరికి ఇళ్ళల్లో ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగాయి, ఎవరింట్లోనో టీవీ గట్టిగా అరిచింది. వచ్చింది! బండి మీదే కేక పెట్టాను.

మామ ఇంటి గుమ్మం దాకా మిషను గురక వినిపిస్తోంది. డబ్బాలో పచ్చ లైటు. గొట్టం ఆయన ముక్కుకే ఉంది, గాలి సన్నగా బుస్సుమంటోంది. అత్త ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. పెదాల మధ్య సగం కరిగిన బెల్లం ముక్క.

"ఎట్లుండాడత్తా?"

"కరెంటొచ్చినాక గొట్టం పెట్టినా," అంది. "పెట్టి సూసినా."

"ఎంతసేపాయ?"

"కరెంటు రాకముందే."

మిషను తిరుగుతూనే ఉంది. లైను వస్తే దానంతట అదే మొదలవుతుంది. అట్లా తయారు చేశారు దాన్ని. ఆపాలని మా ఇద్దరికీ తోచలేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చేదాకా అది ఆయనకు గాలి పోస్తూనే ఉంది.

మర్నాడు శవపెట్టె మోసినవాళ్ళలో ఇశ్రాయేలు ముందున్నాడు. జనరేటరు మాట వాడికి మేం చెప్పలేదు. సిలిండరు సమయానికి అందలేదని మాత్రమే వాడికి తెలుసు. ఏడాది తర్వాత ఇది రాస్తానని అడిగితే, "రాయి. వాడు గూడా తెలుసుకోనీ. ఎక్కువ తక్కువ మాత్రం రాయొద్దు," అంది అత్త. అందుకని కాకి తప్ప మిగతాదంతా జరిగినట్టే రాశాను.

మిషను చర్చికి తిరిగిచ్చేశారు. పలకలు అట్లాగే ఉన్నాయి, తీసెయ్యడానికి కూడా ఒక దరఖాస్తు ఉంటుందట. ఇప్పుడు ఆ ఇంట్లో తిరిగేది ఒక్క ఫ్యాను. మొన్న మధ్యాహ్నం పోయి కూర్చున్నాను. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"మిద్దె మింద అంత కరెంటు పుడ్తాదంట గదా. నేను ఒక్కదాన్నే ఉండానే. మిగిలిందంతా యాడికి పోతాదప్పా?" అంది.

ఒకప్పుడైతే ఢిల్లీ దాకా పోతుందని చెప్పి ఉండేవాణ్ణి.

"పక్కింటికి పోతాది అత్తా. అంతకన్నా దూరం పోదు."

"పోనీ," అంది.

కాసేపటికి ఫ్యాను నెమ్మదించి ఆగింది. లైను పోయింది. అత్త చేట దబుక్కున కింద పెట్టి లేచింది, సిలిండరు ఉండే మూలకేసి రెండడుగులు వేసింది. ఆ మూల ఖాళీ. మంచం కూడా లేదక్కడ. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి కూర్చుని, చెదిరిన బియ్యం గింజలు ఒక్కొక్కటీ చేటలోకి ఏరుకోసాగింది.